ఏడాదిన్నర పిల్లాడికి లక్కపిడతలా, ఐఎస్ఐ ముద్ర ఉన్న ప్లాస్టిక్ బొమ్మలా?

ఎంవీపీ అమ్మ:
మావాడికి పదిహేడు నెలలు. పోయిన ఆదివారం మా అత్తగారు ఊరి నుంచి వస్తూ ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు తెచ్చారు. బుల్లి బిందె, పొయ్యి, తిరగలి, రోలు, రోకలి, వేలెడంత గరిటె, మొత్తం పదకొండు ముక్కలు. అదే రోజు మావారు జగదాంబ దగ్గర పాటలు పాడే ప్లాస్టిక్ బండి కొనుక్కొచ్చారు. ఒక మీట నొక్కితే ఇంగ్లిషు రైమ్, ఇంకోటి నొక్కితే ఆవు అరుపు. పెట్టె మీద పెద్దక్షరాలతో ‘ఎడ్యుకేషనల్’, కింద ఐఎస్ఐ ముద్ర. ఇక ఇంట్లో పంచాయితీ మొదలైంది. “చెక్క, లక్క, పసుపు. నోట్లో పెట్టుకున్నా ఏమీ అవదు, మీ ఆయన వీటితోనే పెరిగాడు” అని ఆవిడ. “వాటికి ఏ ముద్రా లేదు, దీనికి ఉంది” అని ఈయన. మీరేమంటారు? ఇద్దరికీ చూపిస్తాను, కాస్త మర్యాదగా రాయండి.

వరహా ఒడ్డు:
నాది మీ అత్తగారి పక్షం. మా అమ్మమ్మ వాళ్లది ఏటికొప్పాక పక్క ఊరే. సెలవులకి వెళ్తే ఆ లేతు మిషన్ల దగ్గరే కూర్చునేవాణ్ణి. అంకుడు కర్ర మెత్తన, ఉలి పెడితే వెన్నలా దిగుతుంది. కర్రని గిరగిరా తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి నొక్కుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకి పట్టేస్తుంది. బ్రష్షు ఉండదు, పెయింటు డబ్బా ఉండదు. చివర్లో మొగలి ఆకు మడిచి అదిమితే మెరుపు వస్తుంది, అద్దంలా. పసుపు రంగుకి మన వంటింటి పసుపే, నారింజకి జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు చెట్టు. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఈ పనితనం ఈ ఊరిదేనని ప్రభుత్వం నమోదు చేసింది. ఈ చెట్ల రంగుల్ని మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంతకంటే ఏం ముద్ర కావాలండీ? ఆ ప్లాస్టిక్ బండి పెట్టె విప్పగానే వచ్చే వాసన ఒక్కసారి పీల్చి చూడండి.

లేబుల్ చదివే నాన్న:
వరహా ఒడ్డు గారూ, ఆ బొమ్మలంటే నాకూ ఇష్టమే. మా టీవీ బల్ల మీద రెండున్నాయి. కానీ ముద్ర సంగతి వేరు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. జీఐ ఉన్న సరుకుకి, హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి మినహాయింపు ఇచ్చారు. ఇవ్వాల్సిందే, లేకపోతే ఇంట్లో ఒక లేతు పెట్టుకుని బతికేవాళ్లు పరీక్షల ఖర్చుకే మూసుకోవాలి. అయితే మినహాయింపు అంటే ‘పరీక్షించాం, బాగుంది’ అని కాదు. ‘పరీక్షకి రమ్మని అడగలేదు’ అని. ముద్ర కావాలంటే బొమ్మని ఎత్తు నుంచి పడేస్తారు, లాగుతారు, మెలిపెడతారు, ముక్కలు ఊడితే ఎంత చిన్నవో చూస్తారు, రంగులోంచి సీసం లాంటివి ఎంత దిగుతున్నాయో కొలుస్తారు.

ఇంకో మాట. ఏటికొప్పాక అని అమ్మేదంతా ఏటికొప్పాకది కాదు. పోయినేడు ఒక ఎగ్జిబిషన్‌లో మా పాపకి బొంగరం కొన్నాను. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా గులాబీ రంగైంది.

వరహా ఒడ్డు:
అది నకిలీదండీ. లక్క నీళ్లకి దిగదు.

లేబుల్ చదివే నాన్న:
నేనంటున్నదీ అదే కదా. కొనేవాడికి షాపులో ఎలా తెలుస్తుంది? ప్లాస్టిక్ బండికైతే ముద్ర పక్కన సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ ముద్ర ఇచ్చే బీఐఎస్ వాళ్ల కేర్ యాప్‌లో కొట్టి ఏ కంపెనీదో చూసుకోవచ్చు. ముద్రని దొంగగా అచ్చేసినా నంబరు దగ్గర దొరికిపోతారు.

గాజువాక బి షిఫ్ట్:
యాప్‌లూ పద్మశ్రీలూ బాగానే ఉన్నాయి గానీ, మా వీధిలోకి సైకిల్ మీద వచ్చే అతని దగ్గర యాభై రూపాయలకి బొమ్మ వస్తది. దానికి ముద్రా లేదు, జీఐ లేదు. సగం వైజాగ్ పిల్లలు వాటితోనే ఆడతన్నారు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేటి? మా చిన్నదానికి కొన్నవన్నీ మూల పడున్నాయి. అది ఆడేది స్టీలు డబ్బాలు, గరిటెతోనే. నా చిన్నప్పుడు మా నాన్న రెండు తాటిబుర్రలకి పుల్ల గుచ్చి బండి చేసిచ్చేవాడు. అది ఎడ్యుకేషనలో కాదో ఎవరూ అడగలేదు.

పిల్లల వార్డు నర్సు:
ఇరవై ఏళ్లుగా పిల్లల వార్డులో చేస్తున్నాను, ఊర్లోనే. చెక్కా ప్లాస్టికా అని మీరు కొట్టుకుంటున్నారు గానీ మా దగ్గరికి వచ్చే పిల్లల విషయంలో అది చివరి ప్రశ్న. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎంత సైజు?

మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఒక కొలగొట్టం పెట్టి చూస్తారు. దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. ఏ ముక్కయినా నలపకుండా అందులో పూర్తిగా మునిగిపోతే అది గొంతుకి అడ్డం పడగలదని లెక్క. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, అంటే హాయిగా పడుతుంది. ఆ గొట్టం మనింట్లో ఉండదు కాబట్టి నేను తల్లులకి గాజు చెబుతాను. చిన్నపిల్లల గాజుల్లో ఒకటీ ఎనిమిది సైజు, అంటే లోపల అంగుళంన్నర, 38 మిల్లీమీటర్లు. బారసాలకి వేసేది కాదు, అది మరీ చిన్నది. ఆ గాజులోంచి దూరేది ఏదైనా మూడేళ్లు నిండేదాకా పైన అలమరలో. గుండ్రటి బంతులకి ఇది చాలదు, రెండంగుళాల గాజు పెట్టి చూడండి. బంతి గొంతులో కూర్చుంటే పక్కనుంచి గాలికి కూడా సందు ఉండదు.

రోకలి, గరిటె లాంటివి పొడుగు కాబట్టి మునగవు. కానీ అది నోట్లో పెట్టుకుని పరిగెత్తి బోర్లా పడితే అంగిట్లో దిగుతుంది. ఒక పిల్లకి అలా అయితే కుట్లు వేయించి పంపాం. ఏం బొమ్మో అడిగారా? బొమ్మ కాదు, పళ్లు తోముకునే బ్రష్షు.

గాజువాక తమ్ముడూ, నువ్వన్న సైకిల్ బొమ్మల్లోనూ బీచ్‌రోడ్డు మీద సాయంత్రం అమ్మే మిణుకుమిణుకు బొమ్మల్లోనూ నాకు భయం ఒక్కటే: బిళ్ల బ్యాటరీ. మంచి బొమ్మకి ఆ మూత మర తిప్పితే గానీ రాదు. వీటికి గోరు పెట్టి లాగితే వచ్చేస్తుంది. ఆ బిళ్ల ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. బ్యాటరీ పాడైపోయినా సరే కాలుస్తుంది. మింగాడని అనుమానం వస్తే చాలు, వాంతి చేయించొద్దు, అరటిపండు మింగించొద్దు, ఎక్స్‌రే ఉన్న పెద్ద ఆసుపత్రికి వెంటనే పట్టుకెళ్లండి. చిన్న చిన్న అయస్కాంతాలూ అంతే. ఒకటి కంటే ఎక్కువ మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని మధ్యలో పేగుని నలిపేస్తాయి. పగిలిన బుడగ ముక్క కూడా పిల్లాడి చేతిలో ఉంచొద్దు.

అన్నట్టు, నేను చూసినంతలో గొంతులో అడ్డం పడినవాటిలో బొమ్మలకంటే పల్లీలే ఎక్కువ.

గాజువాక బి షిఫ్ట్:
అక్కా, ఇప్పుడే వెళ్లి చూశాను. మొన్న బీచ్‌లో కొన్న వెలుగుల ఉంగరం మూత లేకుండా ఉంది. బిళ్ల ఎక్కడుందో తెలీదు.

పిల్లల వార్డు నర్సు:
ముందు వెతుకు, తర్వాత రాయి. దొరక్కపోతే పాపని తీసుకుని బయల్దేరు.

గాజువాక బి షిఫ్ట్:
దొరికిందక్కా. దివాను కింద. చెమటలు పట్టేశాయి.

అంగన్‌వాడీ టీచరు:
హమ్మయ్య. ఇక ‘ఎడ్యుకేషనల్’ సంగతి నేను ఎత్తుతాను. ఆ మాట పెట్టె మీద ఎవరైనా వేసుకోవచ్చు. 2015లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన జరిగింది. 10 నుంచి 16 నెలల పిల్లలు, వాళ్ల తల్లి గానీ తండ్రి గానీ, మొత్తం 26 జంటలు. ఇళ్లలో మాటలు రికార్డు చేశారు. పాడే, మాట్లాడే బొమ్మ మధ్యలో ఉన్నప్పుడు పెద్దవాళ్లు అన్నిటికంటే తక్కువ మాట్లాడారు. పుస్తకం పట్టుకున్నప్పుడు ఎక్కువ, మామూలు బొమ్మలకి ఆ మధ్యలో. ఇరవై ఆరు జంటలు మరీ కొద్దిమందే, ఒప్పుకుంటాను. కానీ మా కేంద్రంలో నేను రోజూ చూసేది అదే. బొమ్మ మాట్లాడితే మనం నోరు మూసుకుంటాం.

లక్కపిడతల్లో మాటలు వాటంతట అవే పుడతాయి. “అన్నం ఉడికిందా? ఉప్పు వేశావా? నానమ్మకి పెట్టు.” పదిహేడు నెలలవాడు ఖాళీ గిన్నె నోటి దగ్గర పెట్టుకుని తాగినట్టు నటిస్తాడు, అంతే. వండి వడ్డించే ఆట రెండు దాటాకే. కాబట్టి మీ అత్తగారు ఒక ఏడాది ముందు తెచ్చారు, తప్పేం లేదు.

ఎంవీపీ అమ్మ:
టీచరు గారూ, మావారు ఒక మాట రాయమన్నారు. “నేను ఇంటికొచ్చేసరికి ఎనిమిది, ఈవిడకి వర్క్ ఫ్రమ్ హోమ్. కాల్‌లో ఉన్న అరగంట వాడు ఒక్కడే ఆడుకోవాలి. మీరు చెప్పే మాటలు ఆ అరగంటలో ఎవరు చెప్పాలి?”

అంగన్‌వాడీ టీచరు:
న్యాయమైన ప్రశ్నే. ఆ అరగంటకి పాడే బండి పెట్టుకోండి, నేను తప్పు పట్టను. అది ఇంగ్లిషు నేర్పుతుందని మాత్రం అనుకోకండి.

లేబుల్ చదివే నాన్న:
ఒక్కడే ఆడుకునే అరగంటకే నేను ముద్ర అడుగుతున్నది. పక్కన మనిషి ఉంటే లక్కపిడత అయినా పర్లేదు, లేనప్పుడు పరీక్ష దాటిన బొమ్మ ఉండాలి.

వరహా ఒడ్డు:
ఇది కొంచెం ఒప్పుకోవచ్చు. కానీ ఏటికొప్పాకలో గిలక్కాయ, తోసుకుంటూ నడిచే మూడు చక్రాల బండి కూడా చేస్తారు, అవి గాజులో దూరవు. అత్తగారితో ఈసారి అవి తెమ్మనండి. ఊళ్లోనే చేసేవాళ్ల దగ్గర కొంటే రంగు గురించి అడిగి తెలుసుకోవచ్చు, నకిలీ గొడవ ఉండదు.

పిల్లల వార్డు నర్సు:
తోసుకునే బండి మంచిదే. లోపల కూర్చోబెట్టే వాకర్ మాత్రం వద్దు. మెట్ల మీంచి పడి తల పగిలినవాళ్లని చూశాను. కెనడాలో 2004లోనే నిషేధించారు.

ఎంవీపీ అమ్మ:
పక్కింటి పాప గాజు అరువు తెచ్చి మా అత్తగారూ నేనూ కూర్చుని చూశాం. పదకొండు ముక్కల్లో ఏడు దూరాయి. బిందె మూత, గిన్నెలు, పొయ్యి మీద రాళ్లు కూడా. ఆవిడ ఏమీ అనకుండా ఆ ఏడూ కొంగున మూటగట్టి తన ట్రంకుపెట్టెలో పెట్టేశారు. బిందె, రోలు, తిరగలి కింది రాయి, పొయ్యి వాడికి వదిలాం. రోట్లో బిస్కెట్టు దంచుతున్నాడు, చేత్తోనే.

తర్వాత ఆవిడే ప్లాస్టిక్ బండి తిరగేశారు. బ్యాటరీ మూతకి మర లేదు. షాపువాడి తప్పేం కాదు, సెల్లులు వేసేటప్పుడు మావారే మర విప్పి బిగించడం మరిచిపోయారు. టీవీ స్టాండు కింద దొరికింది. అది గాజులోంచి దూరుతుందో లేదో కూడా ఆవిడ ఆయన ముందే పెట్టి చూశారు.

మావారి ఆఖరి ప్రశ్న: ఆ బండి సౌండు తగ్గే దారి ఏమైనా ఉందా? స్పీకరుకి టేపు అంటిస్తే?

గాజువాక బి షిఫ్ట్:
రెండు పొరలు వెయ్యండి. ఒకటి చాలదు.

పిల్లల వార్డు నర్సు:
టేపు పీకి నోట్లో పెట్టుకుంటాడు. మీట ఆపేయండి.