సెంట్రల్ పక్కన ఆ ఎర్ర మేడ: విక్టోరియా పబ్లిక్ హాల్ సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

బెజవాడ బాటసారి:
వచ్చే నెల ఊటీ వెళ్తున్నాం. పినాకినిలో మధ్యాహ్నం చెన్నై సెంట్రల్‌లో దిగుతాం, మళ్లీ రాత్రికి బండి. మధ్యలో ఐదారు గంటలు ఖాళీ. పోయినసారి ఆ టైమంతా వెయిటింగ్ హాల్లో ఫ్యాను కింద చోటు కోసం కాచుకోవడంతోనే సరిపోయింది. స్టేషన్ బయటికొస్తే రిప్పన్ బిల్డింగ్‌కి ఇవతల ఎర్ర ఇటుకల మేడ ఒకటి కనిపిస్తుంది కదా, అది పాతకాలం నాటకాల హాలని ఎవరో అన్నారు. చూడొచ్చా? అసలు చూడ్డానికేముంది? పిల్లలు వెంట ఉంటారు, ఎండలో తిప్పి మా ఆవిడ చేత తిట్లు తినే ఓపిక లేదు.

పార్క్‌టౌన్ పాతకాపు:
అదే విక్టోరియా పబ్లిక్ హాల్. మేం పాతవాళ్లం వీపీ హాల్ అంటాం. నలభై ఏళ్లు దాని ముందు నుంచే బస్సులో వెళ్లాను. లోపలికి వెళ్లింది మాత్రం ఒకే ఒక్కసారి, 80ల్లో, కాలేజీ రోజుల్లో. స్నేహితుడొకడు తమిళ నాటకంలో చిన్న వేషం వేస్తుంటే రిహార్సల్ చూడ్డానికి తీసుకెళ్లాడు. ఇప్పటికీ గుర్తున్నది చెక్క మెట్ల చప్పుడు. మేం పైకెక్కుతుంటే కింద డైలాగ్ చెప్పే ఆయన ఆపేసి మా వైపు గుర్రుగా చూశాడు. పైన చెక్క గ్యాలరీ, దాని కింద పొడుగాటి హాలు, రెండు వరుసల స్తంభాలు. గాలి బాగా వచ్చేది. ఎదురుగా పూనమల్లి హైరోడ్డు రొద ఉన్నా లోపల అంతగా వినపడలేదు.

కట్టడం 1888 నుంచి 1890 దాకా సాగింది. డిజైన్ రాబర్ట్ చిషోమ్, కాంట్రాక్టరు నంబెరుమాళ్ చెట్టి. ఇది మద్రాసు వాళ్లందరూ చెప్పేదే. అక్కడ తెలుగువాడి చెయ్యి ఎక్కడుందో బళ్ళారి మనవడు గారొస్తే చెప్తారు, ఆయన ఆ విషయంలో నాకన్నా పిచ్చోడు.

గూడూరు ప్యాసింజర్:
అన్నా, నిజం చెప్తున్నా, బయటి నుంచి ఐదు నిమిషాల్లో చూడ్డం అయిపోద్ది. పిల్లలతో అయితే మెరీనాకి తీసుకెళ్లు. నేను ప్రతి నెలా ఆ దారిన పోతా, ఒక్కసారి కూడా ఆగాలనిపించలా.

బళ్ళారి మనవడు:
గూడూరు తమ్ముడూ, అక్కడే ఆగాలి! ఆ హాలుకి శంకుస్థాపన చేసింది ఎవరనుకున్నావ్? విజయనగరం ఆనంద గజపతి వారు. 1883 డిసెంబరు 17న. గురజాడ వారిని ఆదరించిన రాజే. ఊళ్లో ఒక్క పెద్ద సభా భవనమూ లేదని చందాలు పోగేసి కట్టుకున్నదది, ఆ చందాలు ఇచ్చినవాళ్లలో ఈయనా ఉన్నారు. విక్టోరియా పేరు తర్వాత వచ్చి చేరింది, రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా.

ఇక మా ఊరి సంగతి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారని వకీలు ఉండేవారు, ఆంధ్ర నాటక పితామహుడంటాం. ఆయన సరస వినోదినీ సభ 1891లో మద్రాసు వచ్చి ఈ హాల్లోనే తెలుగు నాటకాలు వేసింది. అవి చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడున్నాడు. అప్పటిదాకా నాటకమంటే అతనికి గిట్టదు, వీధుల్లో ఆడేది చూసి మొహం తిప్పుకునేవాడు. చదువుకున్నవాళ్లు, కోర్టుకెళ్లే వకీళ్లు రంగు పూసుకుని వేషాలు కట్టడం చూసి మనసు మారింది. ఆ ఏడాదే స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ ఆధునిక నాటకానికి ఆయన్నే ఆద్యుడంటారు. అంటే అరవ నాటకానికి అగ్గిపుల్ల గీసింది మా బళ్ళారి తెలుగువాళ్లు, గీసిన చోటు ఆ మేడ.

తర్వాత సుగుణ విలాస సభ ఏళ్ల తరబడి అదే హాల్లో నడిచింది. తమిళంతో పాటు తెలుగు నాటకాలూ వేసేవారు. మన బళ్ళారి రాఘవ గారూ ఆ సభతో కలిసి నటించారు. మైకుల్లేని కాలం. చివరి వరుసలో కూర్చున్నవాడికి పద్యం వినపడాలంటే ఎంత గొంతు కావాలో ఊహించుకోండి.

పార్క్‌టౌన్ పాతకాపు:
చెప్పానా, ఈయన వస్తే ఆగరని.

రీలు డబ్బా:
సినిమా సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మద్రాసులో మొదట బొమ్మ కదిలింది కూడా అక్కడే. 1890ల చివర్లో స్టీవెన్సన్ అని ఫొటోగ్రఫీ సామాన్ల కొట్టు నడిపే దొర కొన్ని చిన్న చిన్న ఫిల్ములు వేసి చూపించాడు. ఇంకా పెద్ద విశేషం 1910లోది. మచిలీపట్నం నుంచి వచ్చి మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య గారు, స్టూడియోని తాకట్టు పెట్టి మరీ క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. బొమ్మ తెర మీద ఆడుతుంటే పక్కన గ్రామఫోను పళ్లెం తిరుగుతుంది, రెండూ కలిసి నడవాలి. టాకీలు రావడానికి ఇరవై ఏళ్ల ముందే బొమ్మకి మాట అన్నమాట. పళ్లెం కాస్త ముందుకెళ్తే పెదాలొక దారి, పాటొక దారి. ఆ టెన్షన్ పడుతూనే దాన్ని ఆయన జనానికి చూపించింది వీపీ హాల్లో. ఆ తర్వాత బెజవాడ, బెంగళూరు, సిలోన్, బర్మా తిరిగొచ్చి మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ టాకీసు కట్టారు. ఇవాళ ఆయన పేరు మీద అవార్డు ఇస్తున్నారు గానీ ఆ హాలు ఎక్కడుందో అడిగితే మన సినిమావాళ్లలో ఎంతమంది చెప్తారు?

గూడూరు ప్యాసింజర్:
అయితే మద్రాసులో మొదటి సినిమా హాలు అదేనా?

రీలు డబ్బా:
కాదు, కాదు. మొదట బొమ్మ ఆడింది అక్కడ, అంతే. అది సభలకీ నాటకాలకీ కట్టిన హాలు. ఉపన్యాసాలు, విందులు, రాజకీయాలు అన్నీ అక్కడే. 1916 నవంబరులో జస్టిస్ పార్టీ పుట్టిన మీటింగు కూడా ఆ హాల్లోనే జరిగింది. పానగల్ రాజా, బొబ్బిలి రాజా ముఖ్యమంత్రులైంది ఆ పార్టీ నుంచే.

గానుగసున్నం:
నేను సివిల్ ఇంజినీర్ని, పాత కట్టడాల మరమ్మతు నా పని. ఈ హాలు పనిలో లేను, ఒక సంగతి మాత్రం చెప్తా. స్థలం 57 గ్రౌండ్లు, 99 ఏళ్ల లీజు, గ్రౌండుకి అద్దె ఎనిమిది అణాలు. మద్రాసు గ్రౌండంటే 2,400 చదరపుటడుగులు. మొత్తం 3.14 ఎకరాలు, 28 రూపాయల 8 అణాలకి! ఇవాళ సెంట్రల్ ఎదుట ఆ డబ్బుకి నలుగురికి టీ రాదు. లీజు ముగిశాక కోర్టు తగాదాలూ అయ్యి చివరికి కార్పొరేషన్ చేతికొచ్చింది. మధ్యలో చాలా ఏళ్లు పాడుపడి ఉంది. మెట్రో పనులప్పుడు ముందు స్థలమంతా తవ్వకాలే. మరమ్మతులు గట్టిగా మొదలైంది 2023లో.

చూడ్డానికి వెళ్లినవాళ్లు ఇటుకల మధ్య సందులు గమనించండి. ఇవి గానుగ సున్నంతో కట్టిన గోడలు. ఇటుక తడి పీల్చినా సున్నం గుండా బయటికి వదిలేస్తుంది, గోడ ఊపిరి తీసుకుంటుంది అంటాం. తొందరపడి పైన సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి, ఉప్పు పేరుకుని ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. నా సర్వీసులో సగం కాలం ఎవరో పూసిన సిమెంటు గీకించడానికే పోయింది. ఇంకోటి, పైన బురుజు చూడండి: ఒళ్లు ఇటలీ తరహా, కప్పు తిరువాన్కూరు తరహా. చిషోమ్‌కి అలా కలపడం సరదా.

బెజవాడ బాటసారి:
అబ్బో, ఇంత ఉందా! సరే, లోపల కూర్చుని నాటకం చూసే యోగం ఎలాగూ లేదు కదా?

ఎగ్మూరు కోడలు:
హాల్లోకి సందర్శకుల్ని రానిస్తున్నారో లేదో బయల్దేరే ముందు కనుక్కోండి, మరమ్మతుల కట్టడం కదా. లోపలి అనుభవమే కావాలంటే దాని చెల్లెలి దగ్గరికి పంపిస్తాను. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో మ్యూజియం థియేటర్ ఉంది. 1896లో పూర్తయింది, డిజైన్ హెన్రీ ఇర్విన్, కాంట్రాక్టరు మళ్లీ మన నంబెరుమాళ్ చెట్టిగారే. అక్కడ నాటకాలు ఇప్పటికీ ఆడతారు.

పెళ్లయిన కొత్తలో మా మామయ్యగారు తీసుకెళ్లారు. లోపలికి వెళ్లగానే గుండ్రటి వరండా, అక్కడ నుంచి మెట్లు దిగి కిందికి. హాలు నేలకన్నా లోతుగా ఉంటుంది, దిగుడుబావిలోకి దిగుతున్నట్టే అనిపించింది నాకు. సుమారు 600 మంది పడతారు. మేం వెనక వరుసలో కూర్చున్నాం. స్టేజీ మీద ఒకాయన ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుంటే ఆ కాగితం మడత చప్పుడు మా దాకా వినిపించింది. నాకు అప్పటికి తమిళం అరకొరే, నాటకం సగమే అర్థమైంది. కాగితం చప్పుడు మాత్రం పూర్తిగా అర్థమైంది!

సెంట్రల్ నుంచి మెట్రోలో ఎగ్మూరు ఒక్క స్టేషను, అక్కడి నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. ఒకటే జాగ్రత్త: మ్యూజియానికి శుక్రవారం సెలవు. పిల్లలకి కంచు విగ్రహాల గ్యాలరీ చూపించండి, తిట్లు పడవు.

పార్క్‌టౌన్ పాతకాపు:
సామాను సెంట్రల్ క్లోక్ రూములో పెట్టేయండి, బ్యాగులకి తాళం ఉండాలి. వీపీ హాలు బాగా కనపడాలంటే ఎదుటి పక్కకి సబ్‌వేలో దాటండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత, పడమటి ఎండలో ఆ ఎరుపు చూడాలి. పక్కనే 1913 నాటి తెల్లటి రిప్పన్ బిల్డింగ్. వెనక మూర్ మార్కెట్ కూడా ఉండగా ఆ వరస ఇంకోలా ఉండేది. పాత పుస్తకాలు అర్ధరూపాయికి కొన్న చోటు, 1985లో తగలబడిపోయింది.

బెజవాడ బాటసారి:
నెల తర్వాత వచ్చి చెప్తున్నా, ఏమనుకోకండి. వెళ్లొచ్చాం. మేం దిగిన రోజు శుక్రవారమే! టికెట్లు తీసినప్పుడు చూసుకోలేదు, కోడలు గారు చెప్పాక కూడా క్యాలెండర్ చూసుకోలేదు, నా ఖర్మ. కాబట్టి మ్యూజియం థియేటర్ తిరుగు ప్రయాణానికి వాయిదా.

వీపీ హాలు మాత్రం పాతకాపు గారు చెప్పినట్టు సబ్‌వే దాటి సాయంత్రం చూశాం. శంకుస్థాపన సంగతి చెప్పగానే మా ఆవిడ మొహం వెలిగింది, వాళ్లమ్మ గారిది విజయనగరం. వెంటనే వాళ్లమ్మకి వీడియో కాల్ చేసి రోడ్డు పక్కనే నిలబడి చూపించింది. ఆవిడ అటు నుంచి "కనపడట్లేదే, బస్సు అడ్డమొచ్చింది, పక్కకి జరుగు" అంటూనే ఉన్నారు. మావాడు ఇటుకల సందుల్లో సున్నం కోసం ఫోన్లో జూమ్ చేస్తూ కూర్చున్నాడు. ఇంజినీరు గారూ, అంత దూరం నుంచి ఏమీ కనపడలేదు, వాడికి మాత్రం కనపడిందట.

గూడూరు ప్యాసింజర్:
ఫొటో పెట్టన్నా.

బెజవాడ బాటసారి:
తీసినవన్నిట్లోనూ సగం బస్సే ఉంది తమ్ముడూ. నువ్వు నెలనెలా వెళ్తావుగా, ఈసారి దిగి ఒకటి తియ్యి.