నల్లగొండలో చిన్న ఆఫీసు పెడుతున్నా, ఫర్నిచర్ దేని మీద ఎంత పెట్టాలో చెప్పండి

నల్లగొండ ట్యాక్స్ పని:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేశాను, ఇప్పుడు క్లాక్‌టవర్ దగ్గర్లో సొంతంగా ఆఫీసు పెట్టుకుంటున్నాను. జీఎస్టీ రిటర్న్‌లు, ఇన్‌కమ్ ట్యాక్స్, బ్యాంకు లోన్లకు ప్రాజెక్ట్ రిపోర్టులు, ఇవే పనులు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక మడిగ దొరికింది. లోపల వెడల్పు 15 అడుగులు, పొడవు 24 అడుగులు, ముందు వైపంతా గ్లాసు, అది పడమర ముఖం. నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి కూర్చుంటారు. వచ్చేవాళ్లలో కిరాణం షాపుల వాళ్లు, మిర్యాలగూడ వైపు నుంచి మిల్లుల గుమస్తాలు, రిటైరైన టీచర్లు, పొలం కాగితాలు సంచిలో పెట్టుకొని వచ్చే రైతులు, అన్ని రకాలూ ఉంటారు.

ఫర్నిచర్ షాపుకు పోతే ఒక ప్యాకేజీ చెప్పారు. ఎదురుగా పెద్ద రిసెప్షన్ కౌంటర్, వచ్చినవాళ్లకు సోఫా సెట్, నాకు గ్లాస్ క్యాబిన్, అందులో పెద్ద టేబుల్, ఎత్తు వీపున్న రివాల్వింగ్ కుర్చీ. స్టాఫ్‌కు మాత్రం గోడ వైపు తిప్పి పార్టికల్ బోర్డు టేబుళ్లు, మామూలు కుర్చీలు. ఫొటోలో బాగానే ఉంది కానీ రోజంతా కూర్చొని పని చేసేది వాళ్లే కదా, జీఎస్టీ రిటర్న్ గడువు 20వ తేదీ దగ్గర పడిందంటే రాత్రి దాకా లేవరు, అందుకే నాకు మనసు ఒప్పలేదు. ఏసీ కాకుండా నా చేతిలో ఉన్నది లక్షన్నర. రెడీమేడ్ కొనాలా, కార్పెంటర్‌తో చేయించాలా, దేన్ని వదిలేయొచ్చు? వచ్చినవాళ్లు బెరుకు లేకుండా కూర్చోవాలి, మావాళ్ల నడుములు బాగుండాలి.

పాలమూరు చెక్కపని:

అక్కా, మహబూబ్‌నగర్‌లో మాది ఇదే పని. ముందు ఆ ప్యాకేజీ వదిలేయండి, కౌంటరూ సోఫాలూ క్యాబినూ పెడితే మీ మడిగలో సగం వాటికే పోతుంది. ఏదీ కొనకముందు సుద్దముక్కతో ఫ్లోర్ మీద టేబుళ్లు గీసి, కుర్చీ వెనక్కి జరగడానికి మూడేసి అడుగులు వదిలి, తలుపు నుంచి లోపలి దాకా నడిచి చూడండి. ప్లగ్ పాయింట్లు కూడా ఆ గీతలు చూసుకొనే వేయించండి, లేకపోతే తర్వాత కాళ్ల కింద వైర్లు పాకుతుంటాయి.

టేబుళ్లు మాత్రం చేయించుకోండి, ఎత్తు మన చేతిలో ఉంటుంది. రెడీమేడ్‌వి ఎక్కువగా 29, 30 అంగుళాలు వస్తాయి, ఐదడుగుల మనిషికి అది ఎక్కువే, భుజాలు ఎగరేసి టైప్ చేయాల్సి వస్తుంది. మీరు 27 చేయించి కాళ్ల కింద తిప్పుకునే బుష్‌లు పెట్టించండి, పొడుగు మనిషి కూర్చుంటే కొంచెం లేపుకోవచ్చు. 8 బై 4 ప్లైవుడ్ షీట్ ఒక్కటి తెస్తే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పలకలు నాలుగు వస్తాయి, రంపం కోతకు రవ్వంత పోతుంది అంతే. మందం 18 ఎంఎం, పైన సన్‌మైకా మెరుపు లేనిది వేయించండి, మెరిసేదైతే ట్యూబ్‌లైటు అందులో కనబడి కళ్లు గుంజుతాయి. ఫ్రేమ్ ఇనుప స్క్వేర్ పైపుతో వెల్డింగ్ చేయిస్తే గట్టిగా ఉంటుంది. పార్టికల్ బోర్డు ధర తక్కువే కానీ మనం రోజూ తడిగుడ్డ పెడతాం, కింది అంచులు ఉబ్బుతాయి, ఒకసారి స్క్రూ వదులైతే మళ్లీ పట్టదు. ఫైళ్లకు స్టీల్ బీరువాలు తీసుకోండి. చెక్క అల్మారాకు చెద పట్టిందంటే కాగితాలు కూడా పోతాయి, మీవి జనం కాగితాలు.

మిర్యాలగూడ ఫిజియో:

ఎత్తు గురించి పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మెడ నొప్పి, భుజం నొప్పి అని మా దగ్గరికి వచ్చేవాళ్లలో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు చాలామంది. మేడమ్, మీ డబ్బులో పెద్ద భాగం కుర్చీలకు పెట్టండి, నలుగురికీ ఒకే రకం కుర్చీ.

షాపుకు మీరొక్కరే పోయి ఫొటో చూసి కొనొద్దు, మీ ముగ్గురినీ తీసుకుపోయి పది నిమిషాలైనా కూర్చోబెట్టండి. వీపు పూర్తిగా ఆనించినప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పొట్టివాళ్లకు ఎక్కువగా ఇబ్బంది ఇక్కడే వస్తుంది, సీటు లోతుగా ఉంటే వీపు ఆనదు, ముందుకు జరిగి కూర్చొని సాయంత్రానికి నడుం పట్టుకుంటారు. నడుం దగ్గర ఉబ్బు ఉండాలి, చేతులు పెట్టుకునే హ్యాండిళ్లు పైకీ కిందికీ జరగాలి, లేదంటే అవి టేబుల్‌కు తగిలి కుర్చీ దూరంగా ఉండిపోతుంది. మన ఎండలకు రెగ్జిన్ వద్దు, వీపు తడిసిపోతుంది, జాలీ వీపు మంచిది. అప్పటికీ కాళ్లు అందని అమ్మాయికి చెక్కతో వాలుగా ఒక ఫుట్‌రెస్ట్ కొట్టించండి, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

ల్యాప్‌టాప్ వాడితే దాన్ని స్టాండ్ మీద లేపి, కీబోర్డు, మౌస్ విడిగా ఇవ్వండి. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు రావాలి, చేయి చాచినంత దూరంలో ఉండాలి. ఒక్క మాట, బైఫోకల్ అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇంకొంచెం కిందికి దించాలి, లేకపోతే గడ్డం ఎత్తి చూసి చూసి మెడ పట్టేస్తుంది. ఎంత మంచి కుర్చీ అయినా అరగంటకోసారి లేవాల్సిందే, అందుకే ప్రింటర్‌ను ఎవరి చేతికీ అందకుండా దూరంగా పెట్టండి.

పేరు వద్దు:

నేను ఒక ప్రైవేట్ ఆఫీసులో ముందు సీటులో చేస్తాను, పేరు అనవసరం. మా కౌంటర్ ఛాతీ ఎత్తు ఉంటుంది. పెద్దవాళ్లు వస్తే నిలబడి, మెడ చాచి, పదిమంది వింటుండగా తమ అప్పు ఎంతో, కొడుకు ఎందుకు కట్టలేదో చెప్పుకోవాలి. అది చూస్తూ కూర్చోవడం నాకు రోజూ కష్టంగా ఉంటుంది. అక్కా, దయచేసి కౌంటర్ పెట్టొద్దు. మామూలు టేబుల్, ఎదురుగా రెండు కుర్చీలు, వచ్చినవాళ్లు కూర్చున్నాకే మాట మొదలుపెట్టండి. మీ పనిలో అందరివీ ఆదాయం లెక్కలే కదా, వెనక వైపు చిన్న పార్టిషన్ కట్టి అక్కడ మాట్లాడితే వాళ్లు దాచకుండా చెప్తారు. మీకు క్యాబిన్ ఎందుకు, అదే గది అందరూ వాడుకోవచ్చు.

సోఫాలూ వద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ లోతైన సోఫాలో కూర్చుంటే లేపడానికి ఇంకొకరు కావాలి. చేతులున్న గట్టి కుర్చీలు, సీటు 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటే చేతులు ఊని తమంతట తామే లేస్తారు. ఫిల్టర్ నీళ్లు అడగకుండా తీసుకునేట్టు బయటికి పెట్టండి, మన నల్లగొండలో నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే.

స్టాఫ్‌ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టొద్దు. వెనక నుంచి ఎవరు వస్తున్నారో తెలియక రోజంతా టెన్షన్‌గా ఉంటుంది. ఇద్దరు ఆడపిల్లలు రాత్రి దాకా ఉంటారంటున్నారు, బాత్రూమ్‌కు లోపలి గడియ, లైటు, నీళ్లు సరిగా ఉన్నాయో లేదో కుర్చీల కంటే ముందు చూడండి. బాక్సులు విప్పి తినడానికి కంప్యూటర్ లేని టేబుల్ ఒకటి ఉంటే ఇంకా మంచిది.

చౌటుప్పల్ నుంచి:

పడమర గ్లాసు సంగతి ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం నుంచి ఎండ లోపలికి కొడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఏసీ ఆపకుండా తిరిగినా చల్లబడదు. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది, బయటే ఆపాలి, గ్లాసు ముందు రేకు పందిరో వెదురు తడకో వేయించండి. ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ కూడా తిప్పండి, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) 30, 35 వాట్ల దాకా తీసుకుంటుంది, పాత ఫ్యాన్ 75 దాకా లాగుతుంది, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఈ తేడా తెలుస్తుంది. టైల్స్ గదిలో నలుగురు ఒకేసారి ఫోన్ మాట్లాడితే మాట గింగురుమంటుంది, దానికి మందపాటి కాటన్ కర్టెన్లు వేయండి, మా పక్కనే కొయ్యలగూడెంలో ఇక్కత్ బట్ట దొరుకుతుంది, గది కూడా కళగా ఉంటుంది.

కుర్చీల ధర ఎక్కువనిపిస్తే హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలు తీసేసినవి సెకండ్ హ్యాండ్ చూడండి. కూర్చొని కాసేపు కదలకుండా ఉండండి, సీటు మెల్లగా కిందికి దిగుతుంటే గ్యాస్ సిలిండర్ పోయినట్టు. చక్రాలు, కింది ఐదు కాళ్ల బేస్ తిరగేసి పగుళ్లు చూడండి. బిల్లు ఇచ్చేవాళ్ల దగ్గరే కొనండి.

నల్లగొండ ట్యాక్స్ పని:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళే సుద్దముక్కతో గీశాను. రెండు టేబుళ్లు ఎదురెదురుగా వేస్తే టేబుళ్లకు నాలుగడుగులు, రెండు వైపులా కుర్చీలకు ఆరు, మొత్తం పది, పక్కన నడవడానికి ఐదడుగులు మిగిలింది. అలాంటివి రెండు జతలు. ఎవరి వీపూ తలుపు వైపు లేదు, ఎండ వెలుతురు పక్క నుంచి వస్తుంది కాబట్టి స్క్రీన్ మీదా కళ్లలోనూ పడదు. కౌంటర్, సోఫా, క్యాబిన్ మూడూ తీసేశాను. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఫర్నిచర్ మీద తరుగుదల ఏడాదికి 10 శాతమే, కంప్యూటర్‌కు 40, అంటే చట్టం కూడా కుర్చీ ఎక్కువ కాలం ఉంటుందనే లెక్కేసింది. రోజూ క్లయింట్లకు చెప్పే లెక్క ఇది. కుర్చీలు మంచివే తీసుకుంటాను, శనివారం ముగ్గురినీ తీసుకొని పోతున్నాం.

పాలమూరు తమ్ముడూ, ఒకటి అడగాలి. మడిగ ముందు మెట్టు ఆరంగుళాలు ఉంది, మోరీ దాకా జాగా నాలుగడుగులే. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు ర్యాంప్ ఎట్లా?

పాలమూరు చెక్కపని:

అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క అక్కా, మీకు ఆరడుగులు కావాలి. ముందుకు పోసే జాగా లేదు కాబట్టి గోడ వెంట పక్కకు పోయండి, ముఖం 15 అడుగులు ఉంది కదా, సులువుగా పడుతుంది. తలుపు ముందు వీల్‌చైర్ తిరిగేంత చదును వదలండి, మోరీ వైపు పైపు రెయిలింగ్ పెట్టించండి. టైల్స్ మాత్రం వేయొద్దు, వానకు జారతాయి, పచ్చి సిమెంట్ మీద అడ్డగీతలు గీయిస్తే సరిపోతుంది.