ఫోన్ ద గోమ్ గుహకు వెళ్లాలా, లాస్కో నకలుతో సరిపెట్టుకోవాలా?

తెనాలి_తులూజ్:
సెప్టెంబర్‌లో అమ్మానాన్న మొదటిసారి ఫ్రాన్స్ వస్తున్నారు. నాన్న ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేశారు. పారిస్ చూపిస్తానంటే, "అది సరేలేరా, ఆ ఎద్దుల బొమ్మల గుహ మీకు దగ్గరేనా?" అన్నారు. చరిత్ర పుస్తకంలో అగ్గిపెట్టెంత నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉండేది. దాన్ని చూసి బోర్డు మీద ఆ ఎద్దును ఎన్ని బ్యాచుల పిల్లలకు వేసి చూపించారో లెక్కలేదు. కొమ్ముల దగ్గర మొదలుపెట్టి, సుద్దముక్క ఎత్తకుండా తోక దాకా లాగేవారు. నేనూ ఆ క్లాసులో కూర్చున్నవాణ్నే.

ఆయన అడిగింది లాస్కో గుహ. అది 1963 నుంచి మూసే ఉంది. మోంతిన్యాక్ ఊళ్లో, ఆ గుహ ఉన్న కొండ కిందే కట్టిన నకలును 2016 డిసెంబర్ నుంచి చూపిస్తున్నారు. వెతగ్గా వెతగ్గా లాస్కో ఉన్న వెజేర్ నది లోయలోనే, లెజీజీ ఊరి పక్కన ఫోన్ ద గోమ్ అనే గుహ ఉందని తెలిసింది. రంగులతో వేసిన అసలు బొమ్మలను అక్కడ ఇప్పటికీ చూడనిస్తారు, రోజుకు కొద్దిమందికే. మూడు టికెట్లు దొరికాయి. సంతోషంగా ఆఫీసులో చెప్తే, ఒక ఫ్రెంచ్ సహోద్యోగి ముఖం మాడ్చుకున్నాడు. "నువ్వు వదిలే ఊపిరి ఆ గోడలకు మంచిది కాదు. నకలు ఉండగా అసలు దాకా ఎందుకు?" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాటే మనసులో తిరుగుతోంది. వెళ్లడం తప్పంటారా?

గుహదీపం:
తప్పనే అంటాను. బాధపెట్టాలని కాదు, లాస్కోకు ఏం జరిగిందో చదివినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

1940 సెప్టెంబర్ 12న నలుగురు కుర్రాళ్లు ఆ గుహలోకి దిగారు. 17 వేల ఏళ్లకు పైబడిన బొమ్మలు నిన్న వేసినట్టు ఉన్నాయి. 1948లో జనానికి తెరిచారు. అందుకోసం ద్వారం వెడల్పు చేశారు, మెట్లు కట్టారు, లైట్లు పెట్టారు. కొన్నేళ్లలోనే రోజుకు 1,200 మంది దాకా వచ్చేవారు. అంతమంది ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, తేమ అన్నీ ఆ గదుల్లోనే ఉండిపోయాయి. ముందు గోడల మీద పచ్చగా నాచు లేచింది, ఆ తర్వాత బొమ్మల మీద తెల్లని సున్నపు పొర కట్టడం మొదలైంది. 1963 ఏప్రిల్‌లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో మూసేయించారు. వేల ఏళ్లు చెక్కుచెదరనిది 15 ఏళ్లలో ఆ స్థితికి వచ్చింది.

మూసేశాక బాగుపడిందా అంటే అదీ లేదు. 2001లో, సందర్శకులు ఆగిపోయి దాదాపు 40 ఏళ్లయ్యాక, ఫ్యుజేరియం అనే తెల్లబూజు పట్టింది. నేలంతా పొడి సున్నం చల్లాల్సి వచ్చింది. ఆ తర్వాత నల్లమచ్చలు. ఒకసారి చెదిరిన గుహ మళ్లీ కుదుటపడదు. మీ ముగ్గురి వల్లే ఏం పోతుందని మీకు అనిపించవచ్చు. ఆ 1,200 మందిలో ప్రతి ఒక్కరికీ అలాగే అనిపించి ఉంటుంది.

సున్నపురాయి:
గుహదీపం గారూ, మీరు చెప్పిన చరిత్రంతా నిజం. కానీ అది లాస్కో చరిత్ర. అన్ని గుహలకూ ఒకటే చీటీ రాసి మందివ్వలేం.

లాస్కో వేల ఏళ్లు దాదాపు మూతపడి ఉంది. తెరవగానే దెబ్బతింది. ఫోన్ ద గోమ్ అలా కాదు. దాని నోరు ముందు నుంచీ తెరిచే ఉంది, ఊరివాళ్లు లోపలికి వెళ్లి గోడల మీద పేర్లు కూడా గీసేవారు. 1901లో ఆ ఊరి బడి పంతులు దెనీ పేరోనీ చెప్పేదాకా, అవి ఆదిమ మానవుల బొమ్మలని ఎవరికీ పట్టలేదు. (ఆయనా మాస్టారే అని మీ నాన్నగారికి చెప్పండి.) అక్కడ ఇప్పుడు పెట్టిన పరిమితి ఆ గుహ గాలిని, గోడలను కనిపెట్టి చూసి పెట్టినది. లోత్ జిల్లాలోని పెష్ మెర్ల్ గుహకు రోజుకు 700 మంది అని హద్దు ఉంది. రూఫిన్యాక్ గుహలో 8 కిలోమీటర్లకు పైగా సొరంగాలున్నాయి, చిన్న కరెంటు రైల్లో కూర్చోబెట్టి తీసుకెళ్తారు, దిగి తిరగనివ్వని చోట్లే ఎక్కువ. 1994లో బయటపడ్డ షోవే గుహను జనానికి ఒక్కరోజు కూడా తెరవలేదు, అది సరైన పని. అంటే ఒక్కో గుహకు ఒక్కో నిర్ణయం.

నేను ఫోన్ ద గోమ్‌కు ఒకసారి వెళ్లాను. సన్నటి దారి, భుజాలు గోడకు తగలకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి. మా గైడ్ లైటు ఆర్పేసి చేతిలో టార్చి గోడకు పక్క నుంచి పట్టుకుంది. అప్పటిదాకా గోధుమరంగు మరకలా ఉన్నది అడవిదున్న అయింది. దాని వీపు రంగుతో వేసింది కాదు, రాయి అక్కడ సహజంగానే ఉబ్బి ఉంది. వేసినవాడు ఆ ఉబ్బును చూసి, ఇందులో దున్న ఉంది అనుకున్నాడు. ఇంకోచోట ఒక గుర్రానికి వెనక కాలు గోడ మీదికి జారి గడ్డకట్టిన సున్నమే. మరికాస్త ముందుకెళ్తే రెండు రెయిన్‌డీర్లు. ఒకటి మోకాళ్ల మీద ఉంది, రెండోది వంగి దాని నుదురు నాకుతోంది. ఆ నాలుక రంగు కాదు, వెంట్రుకంత సన్నని గీత. టార్చి పక్కకు జరగ్గానే మాయమైంది, మళ్లీ జరిపితే మళ్లీ వచ్చింది. నాతో ఉన్నవాళ్లెవరూ మాట్లాడలేదు. ఒక డ్రాయింగ్ మాస్టారుకు అది చూపించకుండా ఎలా ఆపమంటారు?

గుహదీపం:
ఆ ఉబ్బులు నకల్లోనూ ఉంటాయండీ. 2016లో తెరిచిన లాస్కో నాలుగో నకలును లేజర్‌తో కొలిచి గోడ ఎత్తుపల్లాలతో సహా చేశారు. అంతకుముందు 1983లో తెరిచిన రెండో నకలులో బొమ్మలు వేయడానికి మోనిక్ పేత్రాల్ అనే చిత్రకారిణికి పదేళ్లు పట్టింది. పాతవాళ్లు వాడిన రకం ఖనిజ రంగులతోనే వేశారు. పదేళ్లపాటు ఆ చేతుల వెంట తన చెయ్యి నడిపిన మనిషి పనిని "నకలు" అని ఒక్క మాటతో తీసిపారేయకండి. మాస్టారుకు నిజంగా నచ్చేది అదే కావచ్చు.

సున్నపురాయి:
తీసిపారేయలేదు. రెండూ చూడమంటున్నాను.

మాచర్ల_మనవడు:
ఈ గొడవ మా ఇంట్లో ఎప్పటినుంచో ఉంది, అందుకే రాస్తున్నాను. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగినప్పుడు మా తాతయ్య అక్కడ మట్టి మోశారు. ఆ తర్వాత లోయ మునిగిపోయింది. కొన్ని కట్టడాలను విప్పి తీసుకెళ్లి కొండ మీద మళ్లీ కట్టారు, కొన్నింటికి నమూనాలు చేసి పెట్టారు. ఇప్పుడు లాంచీలో వెళ్లి చూసేది అదే.

మా తాతయ్య రెండుసార్లు లాంచీ ఎక్కారు గానీ, ఆ కొండ మీద ఆయనకు ఏదీ నచ్చలేదు. "ఇది ఇక్కడిది కాదురా, దీని పక్కన ఏరు ఉండాలి, అటు కొండ ఉండాలి" అనేవారు. నేను మాత్రం పదేళ్ల వయసులో ఆ స్తూపం చుట్టూ తిరిగే చరిత్ర మీద ఇష్టం పెంచుకున్నాను. నాకు అదే అసలు.

అందుకని నా మాట ఇది. అసలుకు, నకలుకు మధ్య తేడా రాతిలో కన్నా అది ఉన్న చోటులో ఎక్కువ ఉంది. మాకు వేరే దారి లేకపోయింది, నీళ్లు వచ్చేశాయి. అక్కడ లోయ ఉంది, ఏరు ఉంది, గుహ ఉంది. చూడగలిగినవాళ్లు చూడాలి.

కాలిబాట:
మాచర్ల సోదరుడు చోటు గురించి అన్న మాట పట్టుకుని చెబుతున్నా. మీరందరూ టికెట్ దగ్గరే ఆగిపోయారు. ఆ బొమ్మలు వేసినవాళ్లు గుహల్లో కాపురం ఉండలేదు. ఏటి ఒడ్డున, కొండ చరియ కింద నీడలో బతికారు. బొమ్మల కోసం చీకట్లోకి వెళ్లేవారు. ఆ ఒడ్డు ఎవరైనా నడవచ్చు, ఎవరి ఊపిరీ దానికి బరువు కాదు.

మూడేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా అటే నడుస్తున్నాను. మీరుండే తులూజ్ నుంచైతే లోత్ నది లోయ ఇంకా దగ్గర. కాహోర్ దాకా రైలు, అక్కడి నుంచి ఫిజాక్ వైపు బస్సు. బూజియెస్ దగ్గర దిగి జి.ఆర్. 36 అనే దూరపు నడక బాట పట్టుకుంటే సేన్ సిర్క్ లపోపీ ఊరికి తాపీగా గంటన్నర. మధ్యలో బాటను కొండ కడుపులోకి తొలిచారు. తల మీద రాయి, పక్కన నది. 19వ శతాబ్దంలో పడవలను తాళ్లతో ఎదురీతకు లాగడానికి చేసిన దారి అది. వంగి నడిచే చోట రాయి మీద చెయ్యి వేస్తే ఉలి దెబ్బలు వరసగా తగులుతాయి. పెష్ మెర్ల్ ఉన్న కబ్రెరె ఊరు కూడా అక్కడికి దగ్గరే. ఆ గుహలో చుక్కల గుర్రాలే కాదు, తడిమట్టిలో ఒక పిల్లవాడి అడుగుజాడ ఉంది. నాకు గుర్రాల కన్నా అదే గుర్తుండిపోయింది. పొద్దున నడిచి వచ్చి చూశాను కాబట్టేనేమో, ఆ అడుగు వేసినవాడు కూడా ఇదే ఏరు దాటి వచ్చి ఉంటాడు కదా అనిపించింది.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. ఎరుపు తెలుపు గీతలు దూరపు బాటలకు, పసుపు గీత ఊరి చుట్టూ తిరిగే చిన్న బాటలకు. గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అటు వెళ్లొద్దని. సెప్టెంబర్‌లో వేట సీజన్ మొదలవుతుంది, ముదురు రంగు బట్టలతో అడవిలోకి వెళ్లకండి, నారింజ రంగో ఎరుపో వేసుకోండి. పల్లెల్లో మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, నీళ్లు పొద్దున్నే నింపుకోండి.

గుహదీపం:
కాలిబాట గారి పోస్టుతో నాకు ఏ పేచీ లేదు. అందరూ ఇలా తిరిగితే నేనీ థ్రెడ్‌లో ఒక్క ముక్క కూడా రాసేవాణ్ని కాదు.

సున్నపురాయి:
ఒక మాట మరిచాను. ఫోన్ ద గోమ్ ద్వారం దాకా కాస్త ఎక్కుడు దారి ఉంటుంది. అమ్మగారికి మోకాళ్ల నొప్పులేమైనా ఉన్నాయా? ఉంటే రూఫిన్యాక్ చూడండి, రైల్లో కూర్చునే వెళ్లొచ్చు. నల్లగీతలతో వేసిన మమ్మత్తులు, గోడల మీద ఎలుగుబంట్లు గోళ్లతో గీరిన జాడలు, అన్నీ అసలువే.

తెనాలి_తులూజ్:
అందరికీ చాలా థాంక్స్ అండీ. థ్రెడ్ మొత్తం నిన్న రాత్రి వీడియో కాల్‌లో నాన్నకు చదివి వినిపించాను. 2001 బూజు దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కడ ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడనిస్తారు?" అని అడిగారు. గ్రూపుతో కదలాలి, ఎక్కువసేపు కుదరదు, ఫోటోలు తీయనివ్వరు అని చెప్పాను.

"అయితే ముందు నకలు దగ్గరికే తీసుకెళ్లు. అక్కడ కావలసినంత చూసి, ఆ చెయ్యి ఎలా తిరిగిందో తెలుసుకుంటాను. చెయ్యి తెలిశాక అసలు దగ్గర ఎక్కువసేపు అక్కర్లేదు" అన్నారు. నేను టికెట్ల గురించే ఆలోచించాను గానీ, ఇలా ఆలోచించలేదు.

కాబట్టి మొదటి రోజు మోంతిన్యాక్, రెండో రోజు రూఫిన్యాక్, మూడో రోజు లెజీజీ. వెనక్కి వస్తూ లోత్ ఒడ్డున ఆ తొలిచిన బాట, అమ్మ నడవగలిగినంత వరకు. అమ్మకు మోకాళ్లు నిజంగానే ఇబ్బంది, ఆ ఎక్కుడు దారి వద్దంది. ఫోన్ ద గోమ్‌కు నేనూ నాన్నా వెళ్తాం. గుహదీపం గారికి నచ్చదని తెలుసు. మీరు రాసినవి తేలిగ్గా తీసుకుని మాత్రం వెళ్లడం లేదు. మూడో టికెట్ ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఇచ్చేస్తాను.

గుహదీపం:
నా అభిప్రాయం మారలేదు. కానీ చెయ్యి తెలుసుకుని వెళ్తానన్న మనిషిని రావద్దని అనలేను. ఒక్కటే అడుగుతున్నా. ఆ మూడో టికెట్ ఎవరికీ ఇవ్వకండి. ఆ చోటు ఖాళీగానే ఉండనివ్వండి.

తెనాలి_తులూజ్:
అలాగేనండీ, ఎవరికీ ఇవ్వను.