మనం వదిలే గాలి అంతా కార్బన్ డయాక్సైడేనా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. స్కూల్లో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడిందట. "మనం వదిలేదంతా కార్బన్ డయాక్సైడే అయితే, నీళ్లలో మునిగినవాళ్లకి నోట్లో నోరు పెట్టి ఊదితే ఎలా బతుకుతారు?" అని రెండు రోజులుగా అడుగుతోంది. నాకు తెలీడం లేదు. ఎవరైనా చెప్పండి.

జవాబు: పాప చాలా మంచి ప్రశ్న అడిగిందండీ. నేను జీవశాస్త్రం చెప్తాను, ఏటా ఈ ప్రయోగం దగ్గరే పిల్లలు పొరబడతారు. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం 0.04 నుంచి 4 శాతానికి, అంటే వంద రెట్లు పెరుగుతుంది. సున్నపు తేట పట్టించింది ఆ పెరుగుదలనే. సిరంజితో మామూలు గాలి పంపి చూడమనండి, అప్పుడూ తెల్లబడుతుంది, కాకపోతే చాలా ఆలస్యంగా.

మునిగిన మనిషికి ఆ 16 శాతం సరిపోతుంది.

ప్రశ్న: థాంక్సండీ. కానీ ఇంకో పుస్తకంలో వాయుగోణుల్లో (ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి సంచుల్లో) ఆక్సిజన్ 14 శాతమే అని ఉంది. లోపల 14 ఉంటే బయటికి 16 ఎలా వస్తుంది?

జవాబు: తేలిగ్గా పీల్చే ఒక శ్వాస సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో 150 గొంతు, వాయునాళం, శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది, రక్తం దగ్గరికి పోదు. వదిలేటప్పుడు ఆ 150 అదే 21 శాతంతో తిరిగొస్తుంది, మిగతా 350 వాయుగోణుల్లోంచి 14 శాతంతో వస్తుంది. లెక్క వెయ్యమనండి: 150లో 21 శాతం అంటే సుమారు 31, 350లో 14 శాతం అంటే 49, కలిపితే దాదాపు 80. 500లో 80 అంటే 16 శాతం!

మరి ఆ 14 కూడా రక్తం ఎందుకు తీసుకోదంటారా? రక్తం ఆక్సిజన్‌ని లాక్కోదండీ. వాయుగోణి గోడ, దాన్ని ఆనుకుని ఉండే సన్నటి రక్తకేశనాళిక గోడ కలిపినా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండదు. ఎక్కువ ఉన్నవైపు నుంచి తక్కువ ఉన్నవైపుకి ఆక్సిజన్ దానంతటదే దాటుతుంది. వాయుగోణిలో దాని పీడనం సుమారు 100 (మిల్లీమీటర్ల పాదరసం లెక్కలో), ఊపిరితిత్తులకి వచ్చే రక్తంలో 40. రెండూ సమానం కాగానే దాటడం ఆగిపోతుంది.

ఇంకొకరు: నేను నర్సుని, ఒక్క మాట. ఎవరైనా మునిగిపోతే ముందు 108కి ఫోన్ చేయించండి. నోటితో ఊదడం, ఛాతీ నొక్కడం చూసి కాదు, శిక్షణలో బొమ్మ మీద చేసి నేర్చుకోండి. పాపని కూడా తీసుకెళ్లండమ్మా.