అమ్మమ్మ గద్వాల చీర కోసి పాతకాలం జాకెట్టు కుట్టుకుంటే తప్పా?

కుట్టుపెట్టె (హనుమకొండ)
తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి. మూడేళ్ళుగా ఆదివారం వస్తే నాకు ఒకటే పిచ్చి, పాతకాలం మోడల్ జాకెట్లు కుట్టడం. 1950ల నాటి బుట్టచేతులవి, మోచేతి దాకా చేతులుండేవి. చుట్టాల ఇళ్ళల్లో గోడకున్న పెళ్ళి ఫోటోలు చూసి న్యూస్‌పేపర్ మీద కటింగ్ గీసుకుంటాను. ఇప్పటిదాకా కొన్న గుడ్డతోనే కుట్టాను.

ఇప్పుడు అమ్మమ్మ గద్వాల చీర నా చేతికొచ్చింది. తాత వరంగల్ అజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన రోజుల్లో కొన్నదట. వక్కరంగు నూలు బాడీ, పట్టు అంచు, పట్టు కొంగు. మడతల దగ్గర చిరుగులు పడ్డాయి, కట్టుకోవడానికి లేదు. అంచు మాత్రం నిన్న మగ్గం మీంచి దింపినట్టుంది. కొంగుతో వీపు, అంచుతో బుట్టచేతులు కుట్టి సద్దుల బతుకమ్మకు వేసుకుందామని నా ప్లాన్. చిన్నమ్మకు తెలిసి వెంటనే ఫోన్ చేసింది. "చేతులెట్లొస్తయే నీకు? అది చీర కాదు, మా అమ్మ" అని పెట్టేసింది. నాలుగు రోజులుగా కత్తెర ముట్టుకోలేదు. మీరైతే కోస్తారా?

పాతబట్టల పిచ్చోడు (నిజామాబాద్)
కొయ్యను. మీ చిన్నమ్మగారి మాట పక్కన పెట్టినా కొయ్యను.

పాతకాలం బట్టలంటే ప్రేమ అంటున్నారు. నిజంగా ఆ కాలంలో నేసిన బట్టను కోసి, ఆ కాలందిలా కనిపించే జాకెట్టు కుడతారన్నమాట. అసలుది పోయి నకలు మిగులుతుంది. చీర ఎంత చిరిగినా అది ఒకే పొడుగు బట్ట. నేతగాడు ఎక్కడ మొదలుపెట్టాడు, కొంగు ఎక్కడ కలిపాడు, అంచుకూ బాడీకీ అతుకు ఎలా పడింది, అన్నీ అందులో చూడొచ్చు. ముక్కలయ్యాక అవేవీ చూడలేం. రేపు మీ కూతురికో మనవరాలికో దాన్ని ఇంకోలా చూడాలనిపిస్తే ఏం చూపిస్తారు, చంకలో చెమట మరకలున్న జాకెట్టా?

ఫోటోలు తీయండి, అంచు డిజైన్ గీసుకోండి, కొత్త గుడ్డ మీద కుట్టుకోండి.

కొత్తవాడ మగ్గం (వరంగల్)
అన్నా, మాది జంపఖానాలు నేసే ఇల్లు. 2018లో వరంగల్ దరీలకు, అంటే మా జంపఖానాలకే, జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకని ఇచ్చే సర్కారు ముద్ర) వచ్చిందని పేపర్లో చదివి మా బాపు ఒకటే మాటన్నడు, "గుర్తింపు గోడకు పెట్టుకుంటరు, జంపఖానా కిందేసుకుంటరు." బట్ట నేసేది బీరువా కోసం కాదు.

ఇంకోటి. మా వాడకట్టులో ఇప్పటికీ "పాత పట్టుచీరలు కొంటం" అని బండి తిరుగుతది. వాళ్ళు చీర అందం చూడరు, జరీ చూస్తరు. పాత అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పెట్టింది. గీటురాయి మీద రాస్తరు, తూకమేస్తరు, తీసుకపోయి కాల్చి వెండి తీస్తరు. మా అమ్మ పెళ్ళిచీర అట్లనే పోయింది. అక్క కోసి వేసుకుంటానంటే పాపమా?

పాతబట్టల పిచ్చోడు (నిజామాబాద్)
కాల్చేవాడు ఒకడున్నాడని కోసేవాడు మంచివాడైపోడు తమ్ముడూ. దాచుకోవడం అని మూడోది ఉంది. పాలిథిన్ కవర్‌లోంచి తీసి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టాలి. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలకూడదు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. ఈవిడ చీర మడతల దగ్గరే చిరిగిందంటే ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచారన్నమాట. చీర చేసిన తప్పు కాదది, బీరువా వాళ్ళది.

గుండీల డబ్బా (కరీంనగర్)
పాతకాలం అంటే 1950 దగ్గరే ఎందుకు ఆగాలి? చలో రామప్ప. 1213లో కట్టిన గుడి, ఆ మదనికల (గుడి మీది ఆడ శిల్పాల) ఒంటి మీద నగలే నగలు, జాకెట్టు గొడవే లేదు. అక్కడ టైలర్‌కు పని లేదు, చిన్నమ్మకు కోపం లేదు.

మామిడిపిందె (మంచిర్యాల)
నవ్వులు తర్వాత. నా అనుభవం వినండి. అమ్మ పట్టుచీర కొంగు ఇచ్చి పాపకు లంగా జాకెట్టు కుట్టమని మా ఊళ్ళో ఒక టైలర్‌కు ఇచ్చాను. చేతులకు అంచు తలకిందులుగా వేశాడు, నెమళ్ళు కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి. అదేమంటే "చిన్నపిల్లకు ఎవరు చూస్తరమ్మా" అన్నాడు. ఇంకో కొంగు ఎక్కణ్ణుంచి తేను? ఇప్పటికీ ఆ ఫోటో చూస్తే కడుపులో దేవినట్టుంటుంది. కోస్తే మీ చేత్తోనే కొయ్యండి, ఎవరికీ ఇవ్వకండి.

కాజా మాస్టర్ (కాజీపేట)
అమ్మా, 30 ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్నా. కొయ్యాలా వద్దా అనేది మీ ఇంట్లో తేల్చుకోండి. అసలు ఆ బట్ట జాకెట్టుకు పనికొస్తుందా అనేది ముందు చూడు, ఇంతమందిలో ఎవరూ అడగలేదు.

పగలు కిటికీ దగ్గర చీర విప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకో. జల్లెడలా కనిపించిన చోట ప్రాణం లేదు. బాగున్నట్టు కనిపించిన చోట రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగు. చిర్రుమని చిన్న చప్పుడొచ్చినా అక్కడ కుట్టు నిలవదు. చీర వదులుగా ఒంటి మీద ఉంటుంది, జాకెట్టు ఊపిరి తీసినప్పుడల్లా లాగుతుంది. పాత బట్టకు టైట్ ఫిట్టింగ్ పెడితే కుట్టు తెగదు, కుట్టు పక్కన పోగులు జారి సందులు పడతాయి. లోపల మల్ గుడ్డ (పలచని నూలు గుడ్డ) లైనింగ్ వేసి, బరువంతా దాని మీద పడేట్టు కుట్టాలి. ఆ మల్ ముందే ఉతికి ఆరెయ్యి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుని పైగుడ్డను ముడతలు పెడుతుంది.

గద్వాలలో అంచు కుట్టింది కాదు. బాడీ పోగూ అంచు పోగూ నేతలోనే ఒకదానికొకటి పెనవేసుకుంటాయి, కుప్పడం అంటారు. విప్పుకుంటానంటే రాదు. బాడీ వైపు ఒక అంగుళం వదిలి కోస్తేనే అతుకు నిలుస్తుంది.

అసలు తప్పు నీ ప్లాన్‌లో ఉంది. జరీ అంచుతో బుట్టచేతులా? జరీకి కుచ్చు పట్టదమ్మా. కుచ్చు పెడితే కర్రలా నిలబడి భుజం మీద దీపం బుడ్డి పెట్టినట్టుంటుంది. పాత ఫోటోలు దగ్గరగా చూడు. బుట్ట పలచని గుడ్డది, కింద చెయ్యి బిగిసే చోట అంచు పట్టీలా ఉంటుంది. అంటే రెండు చేతులకూ కలిపి నీకు మీటరు అంచు కూడా పట్టదు. చీరంతా ఎందుకు కొయ్యాలనుకుంటున్నావు?

ఆ మీటరు కూడా కొంగు వైపు తీయకు. లోపల దోపుకునే చెంగు ఉంటుంది చూడు, అక్కడ తియ్యి. ఎండ తగలక రంగు కూడా బాగుంటుంది. ముందు పాత దుప్పటి గుడ్డతో ఒకసారి మొత్తం కుట్టి వేసుకుని చూసుకో, జరీలో సూది దిగితే ఆ బొక్క పోదు. 11 నంబర్ కొత్త సూది వెయ్యి. ఇస్త్రీ చేసేటప్పుడు పైన గుడ్డ కప్పు.

కొత్తవాడ మగ్గం (వరంగల్)
మాస్టర్ జీ, దండం.

పాతబట్టల పిచ్చోడు (నిజామాబాద్)
మీటరే కదా అని మాస్టర్‌గారు తేలిగ్గా చెప్పారు. ఇవాళ చెంగు, వచ్చే దసరాకు పర్సుకో ముక్క, ఆ తర్వాత దిండు కవర్‌కో ముక్క. మా ఇంట్లో ఒక వెంకటగిరి చీర అలాగే హరించుకుపోయింది. ఎవరూ కోసినట్టే ఉండదు, చివరికి చీర ఉండదు.

కుట్టుపెట్టె (హనుమకొండ)
అందరికీ థాంక్స్. ఆదివారం చిన్నమ్మను ఇంటికి పిలిచాను. చాప పరిచి చీర మొత్తం విప్పాం. మాస్టర్‌గారు చెప్పినట్టు బొటనవేళ్ళతో పట్టుకున్నాను, మూడో మడత దగ్గర లాగకముందే విడిపోయింది. చిన్నమ్మ దాని మీద చెయ్యేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇంక ఇది ఎవ్వలం కట్టుకోలేం కదనే" అంది. నేను కోస్తానని అనలేదు, ఆమె కొయ్యమని అనలేదు.

తర్వాత తను తెచ్చిన సంచిలోంచి అమ్మమ్మ నల్ల నూలు జాకెట్టు తీసింది. ఇన్నేళ్ళూ వాళ్ళింట్లో పెట్టెలో ఉందని మాకెవరికీ తెలియదు! లైనింగ్ లేదు. ముందు ఇత్తడి హుక్కులు, ఒకటి ఊడితే సేఫ్టీ పిన్ను, అదీ తుప్పు పట్టి గుడ్డకు అంటుకుపోయింది. లోపల పక్క కుట్టు దగ్గర రెండు వేళ్ళ మార్జిన్, దాంట్లో మూడు వరుసల కుట్లు. పిల్లలు పుట్టినప్పుడల్లా విప్పి వదులు చేసుకుందట. ఒక్కో వరుసా ఒక్కో కాన్పు అని చిన్నమ్మ లెక్క చెప్పింది, మూడోది తనదే. చంకలో పలకల బిళ్ళలా ఒక విడి ముక్క చేత్తో కుట్టి ఉంది. ఫోటోల్లో అది కనిపించదు. నా జాకెట్లన్నీ చెయ్యెత్తితే పైకి లేచేది అందుకేనేమో, మూడేళ్ళుగా అర్థం కాలేదు.

కొంగు ముట్టుకోవట్లేదు, నిజామాబాద్ అన్నా మీరు నిమ్మళంగా ఉండండి. చెంగు దగ్గర మీటరు అంచు, బుట్టకూ బాడీకీ కొత్త నారాయణపేట నూలు. మిగతాది తెల్లగుడ్డలో చుట్టి చిన్నమ్మ తీసుకుపోతుంది. కానీ ఒక షరతు పెట్టింది. మొదటి జాకెట్టు తన కొలతతో కుట్టాలట. నాది 34, ఆమెది 42. అంచు ఇద్దరికీ వస్తుందా మాస్టర్‌గారూ?

కాజా మాస్టర్ (కాజీపేట)
వస్తుంది. ఆమె చెయ్యి లూజు ఎంతో టేపుతో కొలిచి పెట్టు, అంచు పట్టీకి కావాల్సింది అదే. ఆ చంక ముక్క విప్పకు, లోపలి వైపు ఫోటో తీసి పెట్టు, స్కేలు పక్కన పెట్టి.

పాతబట్టల పిచ్చోడు (నిజామాబాద్)
కొంగు దక్కింది. అయినా నేనైతే కొయ్యను. ఆ సేఫ్టీ పిన్ను మాత్రం లాగేయకండి, తుప్పుతోపాటు గుడ్డ కూడా ఊడొస్తుంది.