మింగ్ పేరు రాసుకున్న చింగ్ గిన్నె: నకిలీ అనాలా, వద్దా?

నీలిగీత:
మా అన్నయ్య కొన్న గిన్నె మీద ఇంట్లో మూడు రోజులుగా వాదన తెగట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. నీలం-తెలుపు చైనా పింగాణి. అడుగున రెండు నీలి వలయాల మధ్య ఆరు అక్షరాలు: ‘మహా మింగ్ షువాన్‌దె ఏలుబడిలో చేసినది’. షువాన్‌దె అంటే మింగ్ వంశపు చక్రవర్తి, ఆయన ఏలుబడి 1426–1435. తెలిసినవారికి చూపిస్తే, ఇది మింగ్ తర్వాత వచ్చిన చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి (1662–1722) కాలపుది అన్నారు. రెండు వందల ఏళ్లకు పైగా తేడా! అమ్మినాయన మాత్రం మింగ్ అనే చెప్పి డబ్బు తీసుకున్నాడు. తనది కాని కాలాన్ని ఒంటి మీద రాసుకున్న వస్తువు నకిలీయే అని నా వాదన. మీరేమంటారు?

పెంకుముక్క:
అమ్మినాయన అబద్ధమాడాడు, అందులో అనుమానం లేదు. ఆ పాపం కుమ్మరికి అంటగట్టకండి. 1677లో, పింగాణి బట్టీలకు పేరున్న జింగ్‌దెఝెన్ ప్రాంతపు అధికారి ఒకాయన, పాత్రల మీద ఏలుతున్న చక్రవర్తి పేరు రాయొద్దని ఆజ్ఞ వేశాడు. పాత్ర పగిలి పెంకు చెత్తలో పడితే, ఆ పేరు జనం కాళ్ల కింద నలుగుతుందని. మరి అడుగున ఏం రాయాలి? కొందరు ఉత్త వలయాలు గీసి లోపల ఖాళీగా వదిలేశారు. కొందరు ఆకు బొమ్మ వేశారు. కొందరు పాత మింగ్ చక్రవర్తుల పేర్లు రాశారు, అందులో షువాన్‌దె, చెంగ్‌హువా పేర్లు తరచూ కనబడతాయి. ఆ కాలపు పనితనం మీద వాళ్లకున్న గౌరవం అది. ఆ గిన్నెను మింగ్‌దని చెప్పి అమ్మాలనే చేశారని ఎలా అంటాం?

కుంచె:
పెంకుముక్క గారూ, గౌరవం చూపడానికి పాత పేరు పెట్టుకోనక్కర్లేదని రాజ బట్టీయే చూపించింది. కాంగ్‌షీ తర్వాతి చక్రవర్తి యోంగ్‌ఝెంగ్ (1723–1735) కాలంలో, 1728లో బట్టీ పని చూసే అధికారిగా తాంగ్ యింగ్ జింగ్‌దెఝెన్ చేరాక, షువాన్‌దె పాత్రల్ని చూస్తూ అలాంటివే చేశారు. అసలు షువాన్‌దె నీలాన్ని దగ్గరగా చూసినవాళ్లకు తెలుస్తుంది: గీత మధ్యలో అక్కడక్కడా రంగు చిక్కబడి, నల్లగా మారి, పైపూతలోకి దిగిపోయి ఉంటుంది. ఏటవాలు వెలుతురులో తిప్పితే అక్కడ చిన్న గుంట కనబడుతుంది. ఆ నీలం రంగునిచ్చేది కోబాల్ట్ అనే ఖనిజం, పశ్చిమాసియా నుంచి వచ్చిన దాంట్లో ఇనుము ఎక్కువ. రంగు చిక్కగా పడ్డచోట అది పూతను చీల్చుకుని పైకొస్తుంది. అది ఎవరూ కోరుకున్నది కాదు, కొలిమి చేసిన పని. మూడొందల ఏళ్లకు దాన్నే అందమనుకున్నారు. కానీ చేతిలో ఉన్న నీలం శుద్ధమైపోయింది, తనంతట తాను మచ్చ కట్టదు. అందుకని కుంచె మొనతో చుక్క మీద చుక్క పెట్టారు. పోల్చి చూస్తే ఆ చుక్కలు మరీ పద్ధతిగా ఉంటాయి. అంత పని చేసి కూడా చాలావాటి అడుగున యోంగ్‌ఝెంగ్ పేరే రాశారు. నేర్చుకున్నది పాతవాళ్ల దగ్గర, చేసింది మేము అని. అలా రాయగలిగినప్పుడు, పక్క బట్టీలో మింగ్ పేరు రాసిన చేతిని నేను తేలిగ్గా వదలలేను.

పెంకుముక్క:
మీరు చెప్పేది రాజ బట్టీ సంగతి. వాళ్లకు చక్రవర్తి పేరు రాసే హక్కుంది. ఊళ్లో బట్టీల వాళ్లకు లేదు.

దీపపుసెమ్మె:
రాతకు ఇంత విలువ ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతా. బ్రిటిష్ మ్యూజియంలో బొంబాయిలో పుట్టిన పర్సివల్ డేవిడ్ సేకరించిన జత కూజాలున్నాయి. ఒక్కోటి 60 సెంటీమీటర్లు దాటిన ఎత్తు, ఏనుగు తలల పిడులు, పొట్ట మీద డ్రాగన్. మెడ మీద నీలం అక్షరాల్లో ఒక మొక్కు: చాంగ్ వెన్‌జిన్ అనే భక్తుడు ధూపపాత్రనూ ఈ కూజాల జతనూ గుడికి సమర్పించుకుంటూ, ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని, పిల్లలు క్షేమంగా ఉండాలని కోరుకున్నాడు. తేదీ వేశాడు, మన లెక్కలో 1351. అప్పటిదాకా మింగ్‌కు ముందరి యువాన్ వంశ కాలపు నీలం-తెలుపు ఏది, ఎంత గొప్పది అన్నది తేలలేదు. 1950లలో అమెరికా పండితుడు జాన్ పోప్ ఈ తేదీని పట్టుకునే ఇస్తాంబుల్ తోప్‌కాపీ, ఇరాన్ అర్దబీల్ సేకరణల్లోని పాత్రల్ని పోల్చి, ఆ కాలపువాటిని ఒక వర్గంగా చేర్చాడు. ఒక మామూలు భక్తుడి నిజమైన రాత వల్ల ఒక శతాబ్దం తలుపు తెరుచుకుంది. రాత సాక్ష్యం. దొంగ సాక్ష్యం ప్రేమతో చెప్పినా దొంగ సాక్ష్యమే కదండీ.

మట్టివాసన:
సాక్ష్యం ఒక్క రాతదేనా? 2021 మార్చిలో న్యూయార్క్ వేలంలో చిన్న గిన్నె ఒకటి 7,21,800 డాలర్లకు పోయింది. కనెక్టికట్‌లో ఒకరి ఇంటి ముందు పాత సామాన్ల అమ్మకంలో 35 డాలర్లకు కొన్నది అది. మింగ్ చక్రవర్తి యోంగ్‌లె (1403–1424) కాలపు తామర మొగ్గ గిన్నె. అడుగున ఒక్క అక్షరం లేదు! యోంగ్‌లె నీలం-తెలుపులో పేరున్నవి చాలా అరుదు. ఆకారం, పూత నునుపు, నీలం తీరు చూసి పట్టుకున్నారు. నీలిగీత గారూ, గిన్నె పట్టుకోగానే బోర్లించి అడుగు చూడటం మనందరికీ ఉన్న చెడ్డ అలవాటు. ముందు చేత్తో తడమాలి. షువాన్‌దె పైపూత మీద నారింజ తొక్కలా సన్నటి గుంటలుంటాయి. మీ గిన్నెకున్నాయా? హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణి ముందు ఒక గంట నిలబడి రండి. గాజు వెనక అడుగు ఎలాగూ కనబడదు, కన్ను ఒంటిమీదే నిలుస్తుంది.

నీలిగీత:
ఇప్పుడే తడిమి చూశా. గుంటల్లేవు, గాజులా నున్నగా ఉంది. నీలం మాత్రం, నిజం చెప్పాలంటే, చాలా బాగుంది. కొండల దగ్గర పలచగా, పడవ దగ్గర చిక్కగా, ఒకే రంగులో ఐదారు ఛాయలు. దీపపుసెమ్మె గారి మాట నన్ను వదలట్లేదు, అందుకే అడుగున ఉన్న రాతను అబద్ధమనే అంటాను. గిన్నెను నకిలీ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. వేలంవాళ్లు గుర్తు, కాలం రెండూ కలిసినప్పుడు ఒకలా, కలవనప్పుడు ఇంకోలా రాస్తారట కదా. నేనూ చీటీ రాశాను: ‘షువాన్‌దె గుర్తు, కాంగ్‌షీ కాలం’. అన్నయ్య ఒప్పుకున్నాడు, గిన్నెలో పెట్టేశాం. అమ్మినాయనకు రేపు ఫోన్ చేస్తున్నాం.