పేషెంట్ చెయ్యెత్తేదాకా రాకుండా ఏం చేయొచ్చు?

ప్రశ్న (కొత్త స్టాఫ్ నర్స్):
అక్యూట్ సైకియాట్రీ వార్డులో ఈమధ్యే చేరాను. ఫోన్ ఇవ్వలేదనో, ఇంటికి పంపుతామన్నది రద్దయిందనో మొదలై, నర్సింగ్ స్టేషన్ అద్దం బాదేదాకా పోతోంది. ఆపైన నలుగురూ కలిసి పట్టుకోవడం, ఇంజెక్షన్. తెల్లారి ఆ మనిషి మొహం చూడలేకపోతున్నాను. ముందే ఆపే దారి లేదా?

జవాబు (సీనియర్ నర్స్):
ఉందమ్మా. మీరు చెప్పిన రెండు గొడవలూ మనం అన్న ‘కుదరదు’ దగ్గరే మొదలయ్యాయి, గమనించారా? కంప్యూటర్ మీంచి తలెత్తకుండా ఆ మాటంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అద్దం వెనక నుంచి బయటికి రండి. మరీ ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, చేతికందనంత దూరంలో నిలబడండి. ఎందుకు కుదరదో, ఎప్పుడు కుదురుతుందో చెప్పండి. ఏడింటికి ఇస్తానంటే ఏడింటికి మీరే ఫోన్ తీసుకెళ్ళండి, ఆయన మళ్ళీ వచ్చి అడిగేదాకా ఆగొద్దు. నమ్మకం కుదిరేది అక్కడే.

రద్దయిన కబురు వరండాలో నిలబెట్టి చెప్పకండి. పక్కన కూర్చుని చెప్పి, కాసేపు అక్కడే ఉండండి. లండన్ కింగ్స్ కాలేజీలో లెన్ బవర్స్ బృందం సైకియాట్రీ వార్డుల్లో గొడవలు తగ్గించడానికి తయారుచేసిన ‘సేఫ్‌వార్డ్స్’లోని పది పద్ధతుల్లో ఇదొకటి. 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఈ పద్ధతులు పాటించిన వార్డుల్లో మిగతావాటికంటే ఘర్షణలు 15 శాతం, నిర్బంధ చర్యలు (పట్టుకోవడం, బలవంతపు ఇంజెక్షన్ లాంటివి) 26.4 శాతం తగ్గాయి.

జవాబు (సైకియాట్రిస్ట్):
దీనికి తోడు, పేషెంట్ దాడికి దిగే ముప్పును ముందే అంచనా వేసే బ్రోసెట్ చెక్‌లిస్ట్ వాడండి. నార్వేలో పుట్టింది, నింపడానికి ఎక్కువ సేపు పట్టదు. అయోమయం, చిరాకు, రభస, మాటలతో బెదిరించడం, మీదికి రావడం, వస్తువుల మీద దాడి: కనిపించినదానికి 1, లేనిదానికి 0. మొత్తం రెండు దాటితే రాబోయే 24 గంటలకు ముప్పు ఎక్కువన్నమాట. అంకె రాసి ఫైల్లో పెట్టేస్తే లాభం లేదు, ఆ షిఫ్టులో ఆ పేషెంట్ దగ్గరికి ఎవరు వెళ్ళాలో అప్పుడే అనుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఉన్నదే తక్కువమందిమి. ఒక్కొక్కరితో ఇంతసేపు మాట్లాడే తీరికెక్కడిది మేడమ్?

జవాబు (సీనియర్ నర్స్):
మీ ఇబ్బంది నాకు తెలుసు. కానీ గొడవైతే ఎంతమంది పరుగెత్తుకొస్తారు? తర్వాత పరిశీలన, రికార్డులు, భయపడ్డ మిగతా పేషెంట్లను ఊరడించడం, అన్నీ ఉంటాయి కదా. అంత సమయం ముందు మాట్లాడ్డానికి అక్కర్లేదు. అయినా మనుషులు చాలకపోతే ఆ సంగతి ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఇవ్వండి. మీరొక్కరే మోయాల్సిన బరువు కాదిది.